నల్లనువ్వుల జావ

"పని వేళల్లో మీ అమ్మగారికి నల్లనువ్వుల జావ తాగిస్తున్నారట, నిజమేనా?" సియోల్ ఆఫీసు నుంచి మేనేజర్ క్వాక్ తెర మీద గద్దించాడు. అవునంటే యున్సో ఉద్యోగం ఊడుతుంది. జట్టులోని మిగతా ముగ్గురూ తమ తమ ఇళ్ల నుంచి కళ్లప్పగించి చూస్తున్నారు.

మంచాన పడ్డ అమ్మ సంగతి యున్సో తోటి ఉద్యోగినుల్లో ఒకామెకే చెప్పింది. జట్టులో నమ్మకం పెరగాలని కంపెనీ పెట్టించిన పది నిమిషాల కాఫీ కబుర్లలో, తామిద్దరే ఉన్న రోజున. "నాతో చెప్పుకో అక్కా, బరువు దిగుతుంది" అంటూ ఆమె కళ్లు కూడా తుడుచుకుంది. జావలో తేనె కలపమంది.

ఆ గొంతు గుర్తొచ్చి యున్సో కెమెరాలోకి సూటిగా చూసింది.

"నిజమే సార్. అందులో తేనె కలపమన్నది కూడా మీకీ కబురు మోసిన మనిషే."

తెర మీద ఒకరి ముఖమున్న గడి చటుక్కున నల్లబడింది.

"కెమెరా కట్టేస్తే కంపు దాగుతుందా, హేరిన్?"