నీళ్లకు నోచుకోని బంగారక్క

“చచ్చిన బొమ్మను ఎవరైనా పలికిస్తారా? ముందు ఆ మాట చెప్పు,” అని నరసింహప్ప మూడోసారి అడిగాడు.

తిప్పమ్మ జొన్నల చేటలోంచి తలెత్తలేదు. “బొమ్మ సంగతి నాకు తెల్దు మామా. దాని పుణ్యాన పిల్లకు నోరొచ్చినాది.”

“నోరు కోసం ఇంటికి చావు తెస్తావా?”

“నాలుగేండ్లుగా వానే రాలేదు, చావు మాత్రం యాడ దోవ కనుక్కుంటాదిలే నాయనా,” అని ఆమె మొగుడు ఎర్రిస్వామి నవ్వబోయి, తండ్రి చూపు చూసి ఊరుకున్నాడు.

తోలుబొమ్మలాడించే ఇల్లది. ఆడి ఆడి చిరిగిన బొమ్మ చచ్చినట్టే, దాన్ని మళ్లీ పలికిస్తే ఇంటికి చావని వాళ్ల నమ్మకం. అలాగని పారేయరు. ఇంటి పెద్ద పసుపు కుంకుమ పెట్టి, దీపంతో పారే నీళ్లలో సాగనంపుతాడు. అందరినీ నవ్వించే బంగారక్క బొమ్మ మోచేతుల దగ్గర పిగిలిపోయి నాలుగేళ్లయింది. అప్పటినుంచీ హగరి ఏట్లో ఇసుకే తప్ప నీళ్లు లేవు. చచ్చీ సాగనంపే దిక్కు లేక, ఎర్రగుడ్డలో చుట్టుకుని ఆమె పెట్టె అడుగున పడి ఉంది.

తిప్పమ్మ కూతురు సుంకి ఒకటో తరగతిలోనే మూడేళ్లుగా ఉంది. ఇంట్లో తిప్పమ్మ అత్తింటివాళ్ల ఆరె మరాఠీ. ఒళ్లో కూర్చోబెట్టుకుంటే తల్లి పుట్టింటి కన్నడం. బడిలో తెలుగు. ఒక భాషలో అడిగితే జవాబు ఇంకో భాషలో తోచేది. అది తెలుగులోకి తెచ్చుకునేలోగా పిల్లలంతా నవ్వేవాళ్లు. చివరికి నోరు తెరవడమే మానేసింది. మూగదని పేరు పడింది.

పంతులమ్మ నాగలక్ష్మమ్మ ఒకసారి ఆట చూడటానికి వచ్చి, పరదా వెనక ఇప్పుడాడే కొత్త బంగారక్కకు గొంతిచ్చి తెలుగులో గడగడా తిడుతున్నది సుంకే అని తెలుసుకుని నిర్ఘాంతపోయింది. “ఒక బొమ్మ బడికి పంపు తిప్పమ్మా,” అంది. ఆటలో ఆడే బొమ్మల్ని ముట్టుకునే ధైర్యం తిప్పమ్మకు లేదు. చచ్చినదాన్ని ఎవరడుగుతారులే అనుకుంది. నెలన్నరగా బడిలో పంతులమ్మ పరదాగా కట్టిన పాతచీర వెనక నిలబడి సుంకి బంగారక్క గొంతుతో పాఠాలు చదువుతోంది.

ఇప్పుడు మామకు దొరికిపోయింది.

“రేపు ఇనస్పెక్టరు వస్తాడంట మామా. చదవకపోతే పేరు కొట్టేస్తారు. రేపొక్క దినం ఇయ్యి.”

నరసింహప్ప బొమ్మను గుడ్డలో చుట్టి, పెట్టెకు బీగం వేశాడు.

మర్నాడు సాయంత్రం పంతులమ్మే ఇంటికి వచ్చింది. గడప దగ్గరే నిలబడి చెప్పింది. “పుస్తకం ఇస్తే సుంకి తీసుకోలేదు. బొమ్మ కర్ర పట్టుకున్నట్టు చెయ్యి పైకెత్తి నిలబడింది. వేళ్లు ఆడుతున్నాయి, నోరు మాత్రం పెగల్లేదు. గొర్లు మేపుకోమనండి అన్నాడు ఇనస్పెక్టరు. కాళ్లావేళ్లా పడితే పెద్ద పరీక్షల దాకా గడువిచ్చాడు.”



ఆ రోజు నుంచి సుంకి ఇంట్లోనూ మాట్లాడలేదు. ఆరెలో పిలిచినా, కన్నడంలో పిలిచినా అంతే. “అన్నం తిందువు రావే సుంకీ,” అని తాత పిలిస్తే, ఆయన వైపు చూసి ఖాళీ చెయ్యి రెండుసార్లు ఆడించింది. తిప్పమ్మ గోడవైపు తిరిగి కళ్లు తుడుచుకుంది. ఆయన కంచం ముందునుంచి లేచిపోయాడు.

నాలుగోనాడు పొద్దున అందరూ గంజి తాగుతుంటే, నరసింహప్ప దూలానికి వేలాడుతున్న మేకతోలు దించాడు. సీత బొమ్మ ముఖం చినిగితే, కొత్త సీత కోసం రెండు నెలలు గీకి, ఎండబెట్టి ఉంచిన తోలది. ఇంట్లో ఉన్నది అదొక్కటే. నేలమీద పరిచి, బొగ్గుతో గీయడం మొదలుపెట్టాడు. ముందు ముక్కుపుడక, తర్వాత పెద్ద కొప్పు. బొమ్మ మాత్రం పిల్ల చేతికి సరిపోయేంతే.

“అది సీత తోలు కదా నాయనా!” అన్నాడు ఎర్రిస్వామి.

నరసింహప్ప తలెత్తలేదు. గొంతూ పెంచలేదు.

“సీత లేదు, ఈ ఏడు ఆటా లేదు. శివరాత్రికి పిలిచినోళ్లకు రామని చెప్పి పంపు. నేనూ నువ్వూ రోడ్డు పనిలో కంకర కొట్టబోదాం. ఈ బంగారక్క బడికి పోతాది. తిప్పమ్మా, బొమ్మను బయటికి తీసే ముందర దీపం ఎట్ల పెట్టాల్నో పిల్లకు నేర్పియ్యి.”