ఊరికే వచ్చానే!

ఆ వీధిలో ఆడవాళ్లు ఒకరింటికి ఒకరు చప్పుడు చేయకుండా వెళ్లరు. ముందున్న పచ్చిక మీద అడుగు పెట్టీ పెట్టగానే "ఊరికే వచ్చానే!" అని వీధి అదిరేలా ఒక కేక పెడతారు. అప్పుడుగానీ లోపలున్నామె ఊపిరి పీల్చుకుని తలుపు తీయదు. కొత్తగా వచ్చిన కోడళ్లకు ఇది వింతగానే ఉంటుంది. నెల్లాళ్లు కాపురం చేస్తే వాళ్లూ నేర్చుకుంటారు.

హ్యూస్టన్ దగ్గరి ఆ వీధిలో మగవాళ్లందరూ చంద్రుడి దగ్గరికి వెళ్లడానికి తయారవుతున్నవాళ్లే. అక్కడిదాకా ఇంకా ఒక్కడూ వెళ్లలేదు. వెళ్లడం నేర్చుకుంటూనే కొందరు నేలరాలారు. అలాంటప్పుడు ఆ కబురు ఇంకో పైలట్ స్వయంగా వచ్చి చెప్పాలి. అతను వచ్చేలోపు ఒక స్నేహితురాలు ముందుగా వెళ్లి, నోరు మెదపకుండా పక్కన కూర్చోవాలి. ఇది ఆఫీసు పెట్టిన నియమం. దయలేని నియమమని ఎవరైనా అంటే, దాన్ని తెచ్చిపెట్టిన ఘనుణ్ణి కూడా గుర్తుచేసుకోవాలి. ఒకసారి ఒక పత్రికవాడు అందరికన్నా ముందు గుమ్మంలోకి వచ్చి, "మీకిప్పుడు ఎలా ఉందమ్మా?" అని ఒక ఇల్లాలిని అడిగాడు. దేని గురించి అడుగుతున్నాడో ఆమెకు అప్పటికి తెలియదు.

ఆ అక్టోబరు పొద్దున లొరేటా ఫోనెత్తితే అవతల భర్త రాయిస్.

"నాడీన్ ఇంటికెళ్లు. ఉన్నపళంగా వెళ్లు."

"మెరిట్‌కేనా?" అంది లొరేటా. నాడీన్ మొగుడి పేరు మెరిట్ హాస్కెల్.

"ఓక్లహామాలో. విమానం దిగేటప్పుడు పొగమంచు. దూకడానికి కూడా టైం లేదు వాడికి. నువ్వేం చెప్పకు, నేనొచ్చి చెప్పాలి. టీవీ పెట్టనివ్వకు. ఫోను ఎత్తనివ్వకు. పేపరోళ్లకి అప్పుడే తెలిసిపోయింది లొరేటా, వాళ్లు నాకంటే ముందొస్తారు."

ఫోను పెట్టేశాక లొరేటాకు ముందు వచ్చింది ఏడుపు కాదు. 'అయితే ఇక రాయిసే వెళ్తాడు' అన్న ఆలోచన. వచ్చే వసంతంలో చంద్రుణ్ణి చుట్టి రావలసినవాడు మెరిట్. అతనికి జ్వరమొచ్చినా, కాలు విరిగినా ఆ సీట్లో కూర్చోడానికి తయారుచేసి పక్కన పెట్టిన మనిషి రాయిస్. ఇద్దరూ ఒకే పాఠం చదివారు, ఒకే కంచంలో తిన్నారు. అలాంటి ఇంట్లో అలాంటి ఆలోచనా? లొరేటా తన చెంప తానే ఫెడీమని వాయించుకుంది. ఆలోచన మాత్రం కదల్లేదు.

ఉత్త చేతులతో వెళ్తే నాడీన్ అనుమానిస్తుందని, అలమరలోంచి ఒక ఖాళీ కప్పు తీసుకుని బయల్దేరింది. నాలుగిళ్లు దాటి నడిచింది. నాడీన్ ఇంటి పచ్చిక మీద నిలబడి గొంతు సవరించుకుంది. అరవకపోతే చెప్పేసినట్టే. అరిస్తే పచ్చి అబద్ధం.

"ఊరికే వచ్చానే!" అని అరిచింది.

నాడీన్ తలుపు తీసింది. రెండు చేతులకూ మోచేతుల దాకా పిండి. ఒక్క క్షణం లొరేటా చేతిలోని కప్పు వంక చూసి, "ఏంటే అలా కొయ్యలా నిలబడ్డావ్? లోపలికి తగలడు," అంది.

"పంచదార నిండుకుంది. ఒక కప్పు ఇస్తావేమోనని."

"ఇస్తాలే. మా స్పేర్ టైరు ఎలా ఉన్నాడు?"

అది ఆ రెండిళ్ల మధ్య పాత ఎకసెక్కమే. డిక్కీలో పడి ఉండే టైరంటూ రాయిస్‌ను మెరిట్ ఏడిపించేవాడు. ఈ టైరు లేకపోతే నీ బండి కదలదురా అని రాయిస్ అనేవాడు. ఎన్నోసార్లు నవ్విన ఆ మాటకు ఈరోజు లొరేటా నవ్వబోయింది. పళ్లు బయటికొచ్చాయి గానీ నవ్వు రాలేదు.

"బానే ఉన్నాడు," అంది.

నాడీన్ మళ్లీ పిండి మీదకు వంగింది. మెరిట్ ఈ రాత్రికి వస్తాడనీ, వస్తూనే పెకాన్ పప్పులు కూరి కాల్చే తీపి 'పై' ఏదని అడుగుతాడనీ, మొగుడు కడుపుకు తప్ప దేనికీ భయపడడనీ చెబుతూ పోయింది. వింటూనే లొరేటా హాల్లోకి వెళ్లి ఫోను రిసీవరు పక్కకు తీసి పెట్టింది, టీవీ వైరు ఊడబీకింది. తిరిగొచ్చి కాఫీ పోసుకుంటే సగం సాసర్లో పడింది. నాడీన్ చూసింది. తుడవమని గుడ్డ ఇటు తోసింది.

'చెప్పేస్తే పోదూ,' అనుకుంది లొరేటా. ఆ గదిలో మెరిట్ ఇంకా బతికే ఉన్నాడు. పెకాన్ పై తింటున్నాడు, రాత్రికి ఇంటికొస్తున్నాడు. అతన్ని చంపే మాట తన నాలుక కింద ఉంది. ఆ మాట పక్కనే, సిగ్గూ ఎగ్గూ లేకుండా, రాయిస్ చంద్రుడి దగ్గరికి వెళ్తున్నాడు. దేవుడా, ఆ మనిషిని త్వరగా తీసుకురా అని లొరేటా లోలోపల మొత్తుకుంది.

వీధిలో కారు ఆగిన చప్పుడైంది.

కిటికీలోంచి చూస్తే రాయిస్ కాదు. మెడలో కెమెరా వేసుకున్న ఒక బక్కపలచటి మనిషి దిగుతున్నాడు. లొరేటా పరుగెత్తి, గుమ్మం దాటి, తలుపు వెనక్కి లాగి దానికి వీపు ఆనించి నిలబడింది.

"అమ్మా, హాస్కెల్ గారి భార్య..."

"ఇంట్లో లేదు."

"కారు ఇక్కడే ఉందే!" అని అతను గొంతు తగ్గించాడు. "ఆవిడకి తెలుసా?"

"నెమ్మదిగా మాట్లాడు. నీకు దణ్ణం పెడతా, వెళ్లిపో నాయనా."

"ఒక్క ఫోటో అమ్మా. నా ఉద్యోగం నేను చేసుకోవాలిగా." అంటూ గంట నొక్కడానికి ఆమె భుజం మీదుగా చెయ్యి చాచాడు.

పచ్చిక తడపడానికి పెట్టిన రబ్బరు గొట్టం మెట్ల పక్కనే పడి ఉంది. లొరేటా చర్చిలో పాటలు పాడే మనిషి, పిల్లిని కూడా గట్టిగా అదిలించి ఎరగదు. ఆ గొట్టం అందుకుని కొళాయి తిప్పింది. మొదటి దెబ్బ కెమెరాకు, రెండోది అతని మొహానికి. "పో! పో ఇక్కణ్ణించి! నీ ఇంట్లో ఆడాళ్లు లేరట్రా?" అని అరుస్తూ, తానూ తడుస్తూ, కారు దాకా తరిమింది. ఏడుస్తున్న సంగతి కారు మలుపు తిరిగాక గానీ ఆమెకు తెలియలేదు.

వెనక్కి తిరిగితే కిటికీ అద్దం వెనక నాడీన్.

తలుపు తెరుచుకుంది. నాడీన్ చేతిలో తువ్వాలు. "లోపలికి రా. జలుబు చేస్తుంది."

"నాడీన్, వాడు... ఏదో సబ్బులమ్ముకునేవాడు..."

"చెప్పకు." నాడీన్ తువ్వాలుతో ఆమె తల గట్టిగా తుడిచింది, చిన్నపిల్లకు తుడిచినట్టు. "రాయిసేగా వచ్చేది? అతను వచ్చేదాకా చెప్పకు. అందాకా నన్ను ఈ పై చేసుకోనీ."

"ఎప్పుడు తెలిసింది నీకు?"

"తలుపు తీయగానే. ఇన్నేళ్లలో పంచదారకొచ్చి ఎప్పుడన్నా కప్పు తెచ్చావా నువ్వు? మా కప్పే ఎత్తుకుపోతావ్. మా కప్పులు సగం మీ ఇంట్లోనే ఉన్నాయ్ ముదనష్టపుదానా." అంటూ నాడీన్ నవ్వింది. ఆ నవ్వు చూడలేక లొరేటా ఆమెను పట్టుకోబోయింది. నాడీన్ పట్టుకోనివ్వలేదు. పిండి దగ్గరికి వెళ్లిపోయి, పలచబడి చిల్లులు పడుతున్నా ఒత్తుతూనే ఉంది.

రాయిస్ కారు వచ్చి ఆగింది. లోపలి మనిషి మాత్రం దిగలేదు. రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టుకుని ముందుకే చూస్తూ కూర్చున్నాడు. అంత ఎత్తుకు ఎగిరే మగాడికి పదడుగుల పచ్చిక దాటడం చేతకాలేదు.

"పిలుచుకొస్తాను," అంది లొరేటా.

"వద్దు. నేనే వెళ్తా. మా పాప బడి నుంచి వచ్చేలోపు ఇది అయిపోవాలి." నాడీన్ చేతులు కడుక్కుని ఏప్రన్ విప్పింది. పంచదార డబ్బా తీసి, లొరేటా తెచ్చిన కప్పులో అంచుదాకా పోసి ఆమె చేతిలో పెట్టింది. "ఇక మీ ఆయనే వెళ్తాడు కదూ?"

లొరేటా తల దించుకుంది.

"వెళ్లనీ. మెరిట్ కూడా అదే అనేవాడు, నాకేదైనా అయితే సీటు ఖాళీగా పోకూడదని." గుమ్మంలో ఆగింది. "కానీ ఒకటి, లొరేటా. రాయిస్ ఆ పైనున్నన్నాళ్లూ నేను నీ ఇంటికి రాను. పచ్చిక మీంచి ఊరికే వచ్చానని నేనరిస్తే నువ్వు నమ్మగలవా?"

నాడీన్ పచ్చిక దాటి కారు దగ్గరికి వెళ్లి, తలుపు తానే తీసింది. రాయిస్ దిగాడు. అతని పెదాలు కదలడం లొరేటాకు కిటికీలోంచి కనిపించింది. నాడీన్ కారు తలుపు మీదికి ఒరిగిపోయింది. అతను పట్టుకున్నాడు. లొరేటా చేతిలో కప్పు ఒలికి పంచదార నేలంతా పడింది.