మధ్యలో మిగిలిన గడ్డి

ఏటి ఒడ్డున మా గడ్డినేలలో కౌజుపిట్ట పిల్లల్ని చేసిన సంగతి ఇంట్లో నాకొక్కదానికే తెలుసు. తొమ్మిది పిల్లలు. ఒక్కోటి నిమ్మకాయంత లేదు. ఎగరడం రాదు గానీ తల్లి వెనకాల దుబ్బుల్లో దూరి భలే పరుగెత్తుతాయి.

ట్రాక్టరుతో గడ్డి కోసేది పెదనాన్న. ఎప్పుడూ అంచున మొదలుపెట్టి, చుట్టూ తిరుగుతూ లోపలికి కోసుకొస్తాడు. అలా కోస్తే గడ్డిలోని ప్రాణులన్నీ బెదిరి మధ్యకు చేరతాయని, చివరి చుట్టుకి వాటికి దారే ఉండదని సైన్సు మాస్టారు చెప్పారు. మధ్యనుంచి బయటికి కోస్తే గట్టు తుప్పల్లోకి పారిపోతాయట. ఆ మాట పెదనాన్నకు నేను చెప్పాలి.

చెబుదామని మూడు రోజులు చూశాను. అన్నాల దగ్గర నోటిదాకా వచ్చింది, ముద్దతో పాటు మింగేశాను. ఆఖరికి కాగితం మీద రాసి, ట్రాక్టరు సీటు మీద పెట్టి, ఎగిరిపోకుండా రాయి ఉంచాను.

పొద్దున్నే పెదనాన్న వచ్చాడు. "నా సింహాసనం మీద రాళ్ళు పెట్టిందెవరర్రా?" అని నవ్వుతూ రాయి విసిరేశాడు. కాగితంతో చేతులకంటిన నూనె తుడుచుకున్నాడు. నేను పక్కనే ఉన్నాను.

గట్టు మీద నిలబడి చూశాను. చుట్టు చుట్టుకీ గడ్డి తగ్గిపోతోంది. మంచమంత మిగిలినప్పుడు, గాలి లేకుండానే కదిలింది.

"పెదనాన్నా, ఆగు!" అని అరిచాను. ఇంజను మోతలో నా గొంతు నాకే వినపడలేదు.

తల్లి ఒక్కటే పైకి లేచింది.

పెదనాన్న ఇంజను ఆపి, దిగి, కత్తుల దగ్గర వంగి చూశాడు. "అయ్యయ్యో, పిల్లలే!" అన్నాడు. తర్వాత నన్ను చూశాడు. "నీకు ముందే తెలుసా?"

తలూపాను.

"మరి చెప్పవేమే తల్లీ? నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయా? ఎటునుంచి కోస్తే నాకేం పోయింది?"

తిట్టినా బాగుండేది. జాలిగా అన్నాడు.

సాయంత్రందాకా ఆ పిట్ట కోసేసిన నేలంతా తిరుగుతూ పిలుస్తూనే ఉంది. అంత చిన్న గొంతు మా వంటింట్లోకి వినపడింది.

"ఏమైందే, అన్నం ముట్టుకోలేదు?" అంది అమ్మ.

"ఏం లేదు" అన్నాను.