సగటు గొర్రెపిల్ల

గొర్రెల మీద పీహెచ్‌డీ అంటే పొద్దున పెంటికల వాసన, మధ్యాహ్నం అంకెల మోత. పిల్ల బరువులో తల్లిదండ్రుల నుంచి వచ్చిందెంత, మేత వల్ల వచ్చిందెంత అని తేల్చడం నిమ్మళం అనే అమ్మాయి పని. ఏదీ తొందరపడి చెయ్యదని యూనివర్సిటీలో ఆమెకా పేరు పెట్టారు. ఆ శుక్రవారం మాత్రం ఇంటికెళ్లే హడావిడిలో తప్పు చేసింది. తూకానికి ముందే ఒక పిల్ల చచ్చిపోయింది. పట్టికలో దాని బరువు గడి ఖాళీగా ఉంచాల్సింది పోయి, మిగతా పిల్లల సగటు నింపేసింది.

మర్నాడు దొడ్డి దగ్గర కాపరి ఎదురొచ్చాడు.

"అమ్మా, చచ్చిపోయిన పిల్ల తిరిగొచ్చింది. పట్టికలో దాని గడిగానీ నింపావా?"

నిమ్మళం నాలిక్కరుచుకుంది. "నింపాను బాబాయ్. నాదే పొరపాటు."

పిల్ల లావూ కాదు, బక్కా కాదు. తల్లి దాన్ని ఒళ్లంతా నాకుతోంది. పిల్ల పోయినప్పటినుంచీ మేత ముట్టని గొర్రె, ఇప్పుడు మధ్యమధ్యలో నోటినిండా నములుతోంది.

గైడు మేడమ్ పట్టిక చూసి కళ్లద్దాలు తీసింది. "కొలవని బరువు రాస్తే దొంగలెక్క. సోమవారం థీసిస్ ఇవ్వాలి. ఆ గడి ఖాళీ చెయ్యి."

"చేస్తే పిల్ల పోతుంది మేడమ్."

"పోతుంది మరి. అది గొర్రె కాదమ్మా, సగటు."

ఆదివారమంతా నిమ్మళానికి ముద్ద దిగలేదు. దొంగలెక్కతో డిగ్రీ తీసుకోవడం ఆమె వల్ల కాదు. ఆ తల్లి నోటి దగ్గరి పిల్లని లాక్కోవడమూ కాదు.

సోమవారం పొద్దున్నే మేడమ్‌ని దొడ్డికి తీసుకొచ్చింది. "తీసేసే ముందు ఒక్కసారి తూస్తాను మేడమ్."

"తూస్తే ఏముంది? రాసిందే చూపిస్తుంది."

కాపరి పిల్లని ఎత్తి తూకం మీద నిలబెట్టాడు. ముల్లు సగటు దగ్గర ఆగింది. పిల్ల కాళ్లు సర్దుకుంది. ముల్లు ఇంకొంచెం ముందుకి జరిగి అక్కడే నిలిచింది.

మేడమ్ వంగి రెండుసార్లు చూసింది. "ఈ తేడా ఎక్కడిది?"

"తల్లి పాలది మేడమ్," అంది నిమ్మళం.

మేడమ్ తల్లి గొర్రె వంక చూసింది. "అయితే ఇది సగటు కాదు. కొలిచిన బరువే రాసుకో."

కొత్తది రాయాలంటే ముందు పాతది చెరపాలి. నిమ్మళం గదికి పరుగెత్తింది. గడి ఖాళీ చేసి, ఊపిరి బిగబట్టి కొత్త అంకె కొట్టింది. మళ్లీ దొడ్డికి పరుగు.

పిల్ల పొదుగుని కుమ్ముకుంటూ పాలు తాగుతోంది. తల్లి తూలి, నిలదొక్కుకుని, కాళ్లు ఎడం చేసి నిలబడింది. థీసిస్ మాటే మర్చిపోయి నిమ్మళం కంచె పట్టుకుని హాయిగా ఏడ్చింది.