తట్ట మోసిన తల

నేను కళ్లకు కట్టుకునే ఒక యంత్రాన్ని. నన్ను పెట్టుకున్నవాళ్లకు ఎదురుగా లేని లోకం కనిపిస్తుంది. ఆ లోకం కుదురుగా ఉండాలంటే నేను ఒక్క క్షణం ఊరుకోకూడదు. తల కాస్త కదిలినా కొండల్నీ నీళ్లనీ మళ్లీ గియ్యాలి.

ఎక్కడో పెద్ద కర్మాగారంలో, తొడుగులు వేసుకున్న చేతుల్లో పుట్టాను. మొదట విశాఖలో ఒక షాపింగ్ మాల్‌లో ఉన్నాను. కుర్రాళ్లు టిక్కెట్టు కొనుక్కుని మరీ భయపడేవాళ్లు. కొత్త యంత్రం రాగానే నన్ను సముద్రం ఒడ్డునున్న ఆసుపత్రికి ఇచ్చేశారు. అక్కడ, పడి ఎముకలు విరిగిన పెద్దవాళ్లకు హేమలత అనే అమ్మాయి నడక నేర్పుతుంది.

పోలమ్మ అక్కడికే వచ్చింది. నలభై ఏళ్లు తట్ట నెత్తిన పెట్టుకుని చేపలమ్మిన మనిషి. వానలో జారిపడి తుంటి విరిగింది. కూతురు దాలమ్మ తట్టను అటకెక్కించేసింది.

"హేమలత మేడం సరే అంటేనే దించుతాను. మళ్లీ పడితే నిన్నెవులు సూస్తారు?"

మేడం పెట్టిన పరీక్ష ఇది. నేను చూపించే వాగు మీద సన్నటి చెక్క వంతెన ఉంటుంది. గదిలో అటూ ఇటూ ఇనప కమ్మీలు. వాటిని ముట్టకుండా పన్నెండు అడుగులు వెయ్యాలి.

మొదటిరోజు నన్ను బిగించగానే పోలమ్మ చేతులు రెండూ పైకి లేచి నన్ను పట్టుకున్నాయి.

"మామ్మా, అది తట్ట కాదు. చేతులు దించు," అంది హేమలత.

"బరువంతా ముందుకే ఉందే పిల్లా. ఎవులు సర్దినారీ తట్ట?"

వారమంతా అదే వరస. వంతెన ఊగేది, ఆమె కిందికి చూసేది, కమ్మీ పట్టుకునేది. మూడో అడుగు, ఐదో అడుగు. ఒకరోజు నీళ్లు చూసి చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టింది. గదిలో అందరూ నవ్వారు.

"నవ్వండి. తడిస్తే ఆరేసుకునేది నాను."

నాకు మనసు నిలవలేదు. బొమ్మ ఆలస్యమవుతోందా, వంతెన వంకరగా గీస్తున్నానా అని కొలతలన్నీ మళ్లీ మళ్లీ చూసుకున్నాను.

ఆఖరిరోజు దాలమ్మ గుమ్మంలో నిలబడింది. పోలమ్మ పాత గుడ్డను చుట్టగా చుట్టి నడినెత్తిన పెట్టుకుంది. తట్ట కింద పెట్టుకునే కుదురు అది. దానిమీదుగా నా పట్టీ బిగించమంది.

"ఇప్పుడిదెందుకు మామ్మా?"

"ఇది లేకపోతే ఈ తల నాది కాదమ్మా."

మొదటి అడుగు పడింది. నా లోపల, చూపుని కనిపెట్టే చిన్న కన్నొకటి ఉంది. ఆమె కళ్లు మూసుకుందని అది చెప్పింది. కంగారుపడి వంతెన ఊపాను, నీళ్లు పొంగించాను. చూసేవాళ్లే లేరు. మెడ నిటారుగా, భుజాలు కదలకుండా ఆమె వెళ్లిపోతోంది. తొమ్మిదో అడుగులో ఒళ్లు పక్కకి ఒరిగింది. చెయ్యి కమ్మీ వైపు వెళ్లింది. ముట్టకుండానే పైకి లేచి కుదురుని తాకింది. నిలబడింది. తర్వాత పది, పదకొండు, పన్నెండు.

యంత్రం బాగా పనిచేసిందని హేమలత కాగితం మీద రాసుకుంది.

"అటకెక్కాలంటే నిచ్చెన అడగాల ఎవుల్నన్నా," అంది దాలమ్మ, కళ్లు తుడుచుకుని.

పోలమ్మ నన్ను విప్పి, నా అద్దాలు కొంగుతో తుడిచింది. "నీ వాగు బాగానే ఉంది గానీ, అక్కడ చేపలు కొనేవోలు లేరు. మా రేవు దారినే నడిచీసినాను," అని నాకొక్కదానికే వినబడేలా అంది.

ఇప్పుడు పొద్దున్నే కిటికీ అవతల చేపలమ్మే ఆమె కేక వినిపిస్తుంది. ఒకసారి దగ్గరగా, ఇంకాసేపటికి దూరంగా. నేను బీరువాలో ఉలిక్కిపడతాను. ఆ రేవు దారిని గియ్యాలని చూస్తాను. నా దగ్గర ఏడు లోకాలున్నాయి. వాటిలో అది లేదు.