నాలుగో వంతెన కింద

మా కోట చుట్టూ ఉన్న కందకం మీద పదమూడు వంతెనలున్నాయి. వాటిలో నాలుగోదాని ఎత్తు మరీ అన్యాయం. దాని దగ్గరికి రాగానే నేను మీట నొక్కితే పడవ పైకప్పు కిందికి దిగుతుంది. లోపలున్నవాళ్ళు ఎంతటివాళ్ళయినా నడుం వంచి తల దించాల్సిందే. ఇరవై రెండేళ్ళుగా పడవ నడుపుతున్నాను. బ్యాంకు మేనేజర్లని వంచాను, కొత్త పెళ్ళికూతుళ్ళని వంచాను, ఒకసారి ఓ సుమో వస్తాదుని కూడా వంచాను. నా తోబుట్టువులిద్దర్నీ మాత్రం వంచలేకపోయాను.

అన్నయ్య కుమెజో, తమ్ముడు తోకుహే. కోట గుమ్మం ఎదుట మాది మన్జూల దుకాణం, అంటే లోపల తీపి పూర్ణం పెట్టి ఆవిరి మీద ఉడికించే పిండి ఉండలు. నాన్న చనిపోయిన ఏడాది బోర్డు మీద ఎవరి పేరుండాలని కొట్లాడుకుని విడిపోయారు. అన్నయ్య ‘మొదటి దుకాణం’ అని బోర్డు కట్టాడు. తెల్లారేసరికి ఎదురు వరసలో తమ్ముడు ‘అసలు దుకాణం’ అని కట్టాడు. అప్పట్నుంచి పన్నెండేళ్ళు మాటల్లేవు. పొద్దున్నే ఎవరి గుమ్మం వాళ్ళు ఊడ్చుకుంటూ వచ్చి, సరిగ్గా వీధి మధ్యలో చీపుళ్ళు ఆపేస్తారు.

ఇంతకీ అన్నయ్య చేతి పూర్ణం అమృతం, పైపొర మాత్రం చెప్పుల అట్ట. తమ్ముడి పొర దూది, లోపలి పూర్ణం వట్టి చక్కెర. కోట చూడవచ్చినవాళ్ళు రెండు చోట్లా కొని, ఫోటోలు దిగి, భలే ఉన్నాయంటూ పోతారు. వాళ్ళకేం తెలుసు, నా మొహం!

ఆ శనివారంతో అమ్మకి ఎనభై ఎనిమిదేళ్ళు. మా దగ్గర ఆ వయసు నిండడం పెద్ద పండగ. ఏం కావాలమ్మా అని అడిగాను.

“పట్టుబట్టలొద్దు, విందులొద్దు. పెద్దాడి పూర్ణం, చిన్నాడి పొర. ఒక్క మన్జూ. నోట్లో పళ్ళుండగానే పెట్టించు” అంది. ఉన్నవి మూడు.

ఇద్దరి దగ్గరికీ వెళ్ళాను.

“వాణ్ణొచ్చి తల వంచమను, చూద్దాం” అన్నాడు అన్నయ్య.

“ముందు ఆయన్ని వంచమను” అన్నాడు తమ్ముడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. వంగడమేగా మీకు కావాల్సింది? ఉండండి, మీ పని చెప్తాను!

గురువారం చలి కొరికేస్తోంది. పడవలో బొంత కప్పిన కుంపటి బల్ల వేశాం, మోకాళ్ళకి హాయిగా ఉంటుంది రమ్మని అన్నయ్యని కోట రేవులో ఎక్కించాను. నగోయా నుంచి వచ్చిన నలుగురు ఆడవాళ్ళు కూడా ఎక్కారు. సమురాయ్ వీధి రేవు దగ్గర తమ్ముడు మన్జూ పెట్టెతో నిలబడి ఉన్నాడు. పడవలోవాళ్ళు రుచి చూస్తారట, తెచ్చివ్వరా అని నేనే చెప్పాను. పెట్టె అందించడానికి వాడు కాళ్ళు లోపల పెట్టాడో లేదో, పడవ కదిలించేశాను.

“ఏయ్ ఇసోయో అక్కా! ఏంటిది? ఆపు!”

“కూర్చోరా, పడతావు. నీళ్ళు చల్లగా ఉన్నాయి.”

ఖాళీ ఒక్కటే ఉంది, అన్నయ్యకి ఎదురుగా. కూర్చున్నాడు. ఒకడు బాతుల్ని చూస్తున్నాడు, ఇంకొకడు కోటగోడ రాళ్ళు లెక్కపెడుతున్నాడు.

“మీరు అన్నదమ్ములా? ముక్కులు అచ్చం ఒకేలా ఉన్నాయే!” అంది ఓ నగోయా ఆవిడ.

“కాదు!” అన్నారు ఇద్దరూ ఒక్కసారే.

నాలుగో వంతెన వచ్చింది. “అందరూ వంగండీ!” అని కేకేసి మీట నొక్కాను. ఆడవాళ్ళు కిలకిలా నవ్వుతూ వంగారు. మావాళ్ళిద్దరూ ఒకరికొకరు ఎదురుగా వంగారు. రెండు బట్టతలల మధ్య జానెడు జాగా.

వంతెన దాటి కప్పు లేపాను. ఆడవాళ్ళు లేచి జుట్లు సర్దుకున్నారు. వీళ్ళిద్దరూ లేవలేదు. ఎదుటివాడు తల వంచి ఉండగా మనం ముందు ఎత్తితే అంతకంటే మోటుతనం మా దగ్గర ఇంకోటి లేదు. చిన్నప్పుడు అమ్మ మొట్టి మరీ నేర్పింది. ఎంత కోపమున్నా ఆ మొట్టికాయలు ఇద్దరూ మరిచిపోలేదు.

“నువ్వు లే” అన్నాడు అన్నయ్య బల్లతో.

“పెద్దాడివి, ముందు నువ్వు.”

“నడుం పట్టేసిందిరా. లేవరా వెధవా!”

“నీకంటే ముందు లేస్తే అమ్మ చంపేస్తుంది.”

నగోయావాళ్ళు ఇదీ టికెట్‌లో భాగమే అనుకుని ఫోటోలు తీశారు. ఇంతలో ఐదో వంతెన వచ్చేసింది. మళ్ళీ కప్పు దించాను. ఆ చీకట్లో అన్నయ్య గొంతు వినిపించింది.

“పూర్ణం రేపు పంపిస్తాను. పొర పల్చగా వత్తు.”

“వత్తడం నాకు నేర్పకు” అన్నాడు తమ్ముడు, ముక్కు చీదుతూ.

నా కళ్ళు మసకబారాయి. ఇరవై రెండేళ్ళలో మొదటిసారి పడవని గోడకి గీరేశాను.

శనివారం అమ్మకి పసుపుపచ్చ కోటు తొడిగి పడవెక్కించాం. ఇద్దరి మధ్యా కూర్చుని, మన్జూని మూడు పళ్ళతో నెమ్మదిగా తింది. “మీ నాన్న చేసినట్టే ఉంది” అంది.

నాలుగో వంతెన దగ్గర కప్పు దించాను. ఏభై ఏళ్ళు పూర్ణం గిన్నె మీద వంగి వంగి అమ్మ నడుం ఎప్పుడో ఒంగిపోయింది. ఆవిడ కొత్తగా వంగాల్సిన పని లేదు. చెరో పక్కా కొడుకులు తలలు దించారు.

కప్పు లేచింది. ఇద్దరూ లేవబోయారు. అమ్మ చేతులు చెరో తల మీదా ఉన్నాయి.

“ఉండండి. పన్నెండేళ్ళు కూర్చున్నాను దీనికోసం. నేను చెప్పినప్పుడు లేవండి.”

వెనక పడవవాడు తప్పుకోమని అరుస్తున్నాడు. నేను మోటారు ఆపేశాను.