ఆరు కిలోల సంచి

అత్త మొక్కు ముప్పై ఒక్క ఏళ్ల నాటిది. కొడుక్కి ఎనిమిదో ఏట చెవి ఆపరేషన్ అయినప్పుడు, వాడు బాగుపడితే కొండదాకా నడిచి వస్తానని మొక్కుకుంది. వాడు బాగుపడ్డాడు, చదువుకున్నాడు, లిఫ్టులు రిపేరు చేసే పనిలో కుదురుకున్నాడు, పెళ్లి కూడా చేసుకున్నాడు. ఆమె మాత్రం కుట్టుమిషన్ ముందునుంచి లేవలేదు. ఎప్పుడు చూసినా ఎవరిదో ఒకరి జాకెట్టు రేపటికల్లా కావాలి. "దేవుడైతే ఆగుతాడు, వీళ్లు ఆగరు" అనేది.

ఈ ఏడాది కళ్లకి శుక్లాలు తీయించుకుని దుకాణం మూసేసింది. ఒక పొద్దున టీ తాగుతూ నింపాదిగా చెప్పింది. "వచ్చే గురువారం కొండకి బయల్దేరుతున్నాను. మూడు రోజుల నడక. పక్కింటి టీచరమ్మ తోడొస్తానంది."

"బస్సుంది కదమ్మా," అన్నాడు కొడుకు.

"బస్సెక్కి వస్తానని మొక్కుకోలేదురా."

అతను సాయం కోసం భార్యవైపు చూశాడు. ఆమె పార్సిళ్ల గోడౌన్‌లో ప్యాకింగ్ సెక్షన్ చూస్తుంది. ఏ వస్తువు ఏ పెట్టెలో పడుతుందో కంటితో కొలిచి చెప్పగలదు. అత్తాకోడళ్ల మధ్య గొడవలేం లేవు. గొడవపడేంత చనువూ లేదు. ఆరేళ్లుగా ఒకే వంటింట్లో ఒకరికొకరు దారి ఇచ్చుకుంటూ తిరుగుతున్నారు.

"సంచి ఆరు కిలోలు దాటకపోతే వెళ్లొచ్చు," అంది కోడలు.

ఇలాంటి తీర్పు వస్తుందని తల్లీకొడుకులు ఇద్దరూ అనుకోలేదు.

ఆదివారం కోడలు గోడౌన్ నుంచి తెచ్చిన కొక్కెం తూకానికి అత్త సంచిని తగిలించి ఎత్తింది. పదకొండున్నర. సంచి మంచం మీద బోర్లిస్తే నాలుగు చీరలు, రెండు దుప్పట్లు, స్టీలు క్యారియర్, లీటరు నూనె సీసా, గొడుగు, మిషన్ పక్కన ఉండే పెద్ద కత్తెర బయటపడ్డాయి.

"నూనె ఎందుకు అత్తయ్యా?"

"మోకాళ్లకి."

"మూడు రోజుల్లో లీటరు నూనె రాస్తే మోకాళ్లు వేగిపోతాయి."

అత్తకి నవ్వొచ్చింది గానీ నవ్వలేదు. "కత్తెర మాత్రం తీయను. ముప్పై ఏళ్లుగా నా చేతిలో ఉంది."

"ముప్పావు కిలో ఉందది. కొండ మీద ఎవరికైనా జాకెట్టు కత్తిరించాలా?"

అత్త కాసేపు కత్తెరవంక చూసి, లేచి వెళ్లి మిషన్ సొరుగులో పెట్టేసింది. బదులుగా దారాలు కోసే చిన్న కత్తెర, ఒక సూది, రెండు దారపు ఉండలు తెచ్చుకుంది. అప్పటినుంచి పని ఆమె చేతిలోకి వెళ్లింది. తువ్వాలు సగానికి కోసి అంచు మడిచి కుట్టింది. దుప్పటీ అంతే. మందుల కోసం లోపలి లంగాకి జేబు కుట్టింది. "చీర కూడా సగం చేసుకోమంటావా?" అని అడిగితే, కోడలు "రెండు చాలు. ఒకటి ఒంటిమీద, ఒకటి తీగమీద" అంది. బుధవారం పొద్దుటికి సంచి అయిదు కిలోల తొమ్మిది వందలకి దిగింది.

ఆ మధ్యాహ్నమే టీచరమ్మ మెట్టు తప్పి కాలు బెణికించుకుంది.

"వచ్చే ఏడు చూద్దాంలేమ్మా," అన్నాడు కొడుకు. అత్త మంచం మీద కూర్చుని సంచి ముడి విప్పింది. సగం తువ్వాలు తీసి మడతపెట్టింది. సగం దుప్పటి తీసింది. ముఖంలో కోపం లేదు, దిగులు కూడా పెద్దగా లేదు. పని చెడిపోతే మళ్లీ మొదలుపెట్టే మనిషి ముఖంలా ఉంది. గుమ్మంలో నిలబడి చూస్తున్న కోడలికి అదే భరించలేనిదైంది. వరండాలోకి వెళ్లి గోడౌన్‌కి ఫోన్ చేసి సోమవారం దాకా సెలవు పెట్టింది.

"సర్దెయ్యండి అత్తయ్యా. నేనొస్తాను."

తన సంచి పది నిమిషాల్లో కట్టేసుకుంది. నాలుగు కిలోలు. తప్పు చేసిందల్లా ఒక్కటే, ఆ సాయంత్రం కొత్త బూట్లు కొనుక్కుంది.

మొదటి రోజు బాగానే గడిచింది. అత్త మెల్లగా, ఒకే వేగంతో, మిషన్ తొక్కినట్టు నడిచింది. కోడలు ముందుకి వెళ్లి ఆగడం, అత్త వచ్చి కలవడం, ఇదే వరస. రెండో రోజు పదింటికల్లా కోడలే వెనకబడింది. కుడి మడమ మీద రూపాయంత బొబ్బ లేచి చితికిపోయింది. ఒక్కమాట అనకుండా మరో గంట నడిచింది. దారిలో యాత్రికుల వసతి గది చేరి ఆమె బూటు విప్పాక గానీ అత్త చూడలేదు.

"ఇదెప్పట్నుంచి?"

"పొద్దున్నించి."

"చెప్పొచ్చుగా."

"మిమ్మల్ని ఆపడం ఇష్టం లేక."

అత్త నీళ్లు తెచ్చి మడమ కడిగి, మందు రాసి, గుడ్డ కట్టింది. తరవాత బూటు ఒళ్లో పెట్టుకుని చిన్న కత్తెరతో వెనక భాగం చీల్చడం మొదలుపెట్టింది.

"అత్తయ్యా, అవి కొత్తవి."

"బూట్లు మళ్లీ కొనుక్కోవచ్చు. కాలు ఎక్కడ కొంటావ్?"

తోలు గట్టిగా ఉంది, కత్తెర చిన్నది. మడమ దగ్గర అర్ధచంద్రంలా కోసి, గరుకు అంచు మీద తువ్వాలు పీలిక చుట్టి కుట్టడానికి చాలాసేపు పట్టింది. బయట ఎండ మండిపోతోంది. మిగతా యాత్రికులు చాపల మీద నడుం వాల్చారు. కోడలు ఆమె చేతులనే చూస్తూ కూర్చుంది.

"ఒకటి అడగనా?" అంది చివరికి. "మూడేళ్ల కిందట, నాకు అయిదో నెలలో పోయినప్పుడు, ఆస్పత్రి నుంచి వచ్చి వారం పడుకున్నాను. ఆ వారమంతా మీ మిషన్ చప్పుడు వినిపిస్తూనే ఉంది. ఒక్కసారైనా గదిలోకి వచ్చి కూర్చోలేదు మీరు."

సూది ఆగింది.

"గుమ్మం దాకా వచ్చేదాన్ని," అంది అత్త. "ఏం మాట్లాడాలో తెలిసేది కాదు. తప్పు మాట అనేస్తానేమోనని వెనక్కి పోయి మిషన్ ముందు కూర్చునేదాన్ని."

"ఏమీ అనకపోయినా సరిపోయేది."

"ఇప్పుడు తెలుస్తోంది." దారం పళ్లతో కొరికి తెంపింది. "నీకు నెల తప్పిందని తెలిసిన రోజే రెండు చొక్కాలు కుట్టాను, చిన్నవి. ఆ వారం కూర్చుని వాటి కుట్లు విప్పాను. ఒక్కో కుట్టూ. మిషన్ తొక్కుతున్నానే గానీ సూది కింద గుడ్డ లేదు. లోపలున్న నీకు పనిలో ఉన్నానని అనిపించాలని."

ఆ వారం ఆ చప్పుడు వింటూ తను ఎన్ని అనుకుందో ఇప్పుడు ఏకరువు పెట్టాలని కోడలికి అనిపించలేదు. కళ్లు తుడుచుకోవడానికి కొంగు వెతికి, చుడీదార్ వేసుకున్న సంగతి గుర్తొచ్చి చేత్తోనే తుడుచుకుంది. అత్త తన కొంగు అందించింది.

"ఏ రంగు?" అని అడిగింది కోడలు.

"పసుపు ఒకటి. రెండోదానికి నీలం చారలు."

బూటు సరిగ్గా పట్టింది. సాయంత్రం చల్లబడ్డాక మళ్లీ నడిచారు, ఇద్దరూ పక్కపక్కనే. కోడలు గోడౌన్ సంగతులు చెప్పింది. ఒకాయన గాజు గిన్నెలు పార్సిల్ చేసి, పైన మూడు ఇటుకలు పెట్టి "జాగ్రత్త" అని రాశాడట. అత్త ఈసారి నవ్వు ఆపుకోలేదు. రోడ్డు పక్కన ఆగి మరీ నవ్వింది.

మూడోరోజు పదకొండింటికి కొండ కింద యాత్రికుల వసతి గదిలో సంచులు అప్పగించి మెట్లెక్కారు. నాలుగు వందల మెట్లు. ముప్పై మెట్లకోసారి కూర్చున్నారు. పైన అత్త చేతులు జోడించి నిలబడింది. ముప్పై ఒక్క ఏళ్లుగా దాచుకున్న మాటలన్నీ చెప్పుకుంటుందనుకుంది కోడలు. ఆమె మాత్రం నిమిషంలో పక్కకి తప్పుకుని, "వచ్చానని చెప్పాను. అంతే" అంది.

కిందికి దిగాక కోడలు భర్తకి ఫోన్ చేసింది. సాయంత్రం బస్సుకి స్టాండుకి వస్తానన్నాడు.

"ఇవాళ రావట్లేదు," అంది ఆమె. "ఒకరోజు ఉండి వస్తాం."

"ఎందుకు? అమ్మకి బాలేదా?"

"బాగానే ఉంది. ఊరికే."

"మూడు రోజులకేగా బట్టలు తీసుకెళ్లారు."

అత్త అప్పటికే వసతి గది వెనక కుళాయి దగ్గర చీర ఉతుకుతోంది. ఒక కొస పట్టుకోమని కోడలికి సైగ చేసింది. కోడలు ఫోన్ పెట్టేసి వెళ్లింది. ఇద్దరూ చెరో కొసా పట్టుకుని చీర పిండి, దులిపి, గోడ మీద ఆరేశారు. అది ఆరేదాకా నీడలో కూర్చున్నారు.